ప్రింటర్ గూడ పాడిబర్రె లెక్కనే

పొద్దున ఏడున్నర అయింది. ఇంటర్ పరీక్షలు షురువయ్యే రోజు. ఒక చెల్లె ఉరుక్కుంట దుకాణానికి వచ్చింది. "అన్నా, జెల్ది హాల్ టికెట్ తియ్యవా, ఎనిమిదింటికి బస్సున్నది" అన్నది. ఫోన్ల నుంచి ఫైల్ పంపింది, ప్రింట్ కొట్టిన. కాగితం బయటికి వచ్చింది గానీ అక్షరాల నడుమ తెల్ల గీతలు పడ్డయి. ఫొటోల మొఖం సగం గులాబీ రంగు, సగం ఏం లేదు. క్లీనింగ్ కొట్టిన, అంతే వచ్చింది. మళ్ల కొట్టిన, ఇంకింత పాడయింది. గడియారం చూసుకుంట ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. "పరీక్ష సెంటర్ కాడ ఇంకో దుకాణం ఉంటది చెల్లె, ఆడ తీసుకో" అని పంపిన. పరీక్షకు పోయే పిల్లకు ఆ అర్ధగంట పరేషాన్ పెట్టింది నేనే.

ప్రింటర్ కొని అప్పటికి ఏడాదిన్నరే. తప్పు దానిది కాదు, నాది. మాఘమాసంల ఇంట్ల పెళ్లి ఉండె. పద్దెనిమిది రోజులు షట్టర్ దించిన. పోయేటప్పుడు ప్రింటర్‌ను దాని బటన్ తోని ఆపకుండ, బోర్డు కాడ స్విచ్చి కొట్టేసి పోయిన. ఆ ఒక్క పని చాలు, హెడ్ ఎండిపోనీకి.

పిండకుంట వదిలేస్తె బర్రె వట్టిపోతది, ఇది ఊర్ల పుట్టినోళ్లందరికి తెలుసు. సిరా ట్యాంకు ప్రింటర్ గూడ అంతే. ఈ ముచ్చట ఎవ్వరు చెప్పరు. అమ్మేటోడు డబ్బ మీది ధర చెప్తడు, యూట్యూబోడు వైఫై గురించి చెప్తడు. గానీ అమ్మ సంఘంల లోన్ తీసుకొని ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకునే పిల్లలకు అసలు తెలువాల్సింది వేరే ఉన్నది: ప్రింటర్ ధర డబ్బ మీద ఉండది. అది చచ్చిపోయేలోపు ఎన్ని పేజీలు తీస్తదో, అదే దాని ధర. ఆ లెక్క సగం మన చేతులనే ఉంటది.

ఈ ట్యాంకులు ఎట్ల వచ్చినయి

ఎన్కట ఇంక్‌జెట్ ప్రింటర్లన్ని కార్ట్రిజ్‌లవే. ప్రింటర్ సస్తగ ఇచ్చి, సిరా పిరం అమ్ముడు కంపెనీల యాపారం. రెండు వందల పేజీలకు ఒక చిన్న కార్ట్రిజ్ అయిపోయేది, పేజీకి నాలుగైదు రూపాయలు పడేది. దుకాణపోళ్లకు అది గిట్టక, బయట సీసాలు పెట్టి, సన్నటి పైపులతోని కార్ట్రిజ్‌కు సిరా అందించే కిట్లు తగిలించుకున్నరు. పైపులు ఊడుడు, బల్ల మీద సిరా కారుడు అప్పటి ఫొటో స్టూడియోలోళ్లందరికి యాదికే ఉంటది.

జనం ఎట్లైనా ఆ పని చేస్తున్నరని కంపెనీలకు గూడ సమజయింది. ఎప్సన్ 2010ల ఇండోనేషియాల మొదటిసారి కంపెనీ ట్యాంకుతోనే ప్రింటర్ అమ్మింది. తర్వాత మన దేశానికి గూడ వచ్చింది. ఎనుకనే కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ గూడ దిగినయి. యాపారం తిరగబడ్డది. ఇప్పుడు సిరా సస్త, ప్రింటర్ పిరం. అంటె పైసలు ముందే కడుతున్నం. ముందే కట్టినప్పుడు ఆ మిషిన్‌ను ఎక్కువ కాలం నడిపిచ్చుకున్నోడే లాభపడుతడు.

పేజీకి ఎంత పడుతది

ఒక కాగితం తీసుకొని నాతోని పాటు లెక్క చేయుండ్రి. ఎప్సన్ ఎల్3250 అసోంటి మోడల్‌కు 003 అనే సిరా వస్తది. నల్ల సీసా 65 మిల్లీలీటర్లు, దాంతోని 4,500 పేజీలు వస్తయని కంపెనీ లెక్క. మూడు రంగుల సీసాలు కలిపి 7,500 పేజీలు. సీసా 450 రూపాయలు అనుకుందాం. నల్ల పేజీకి పది పైసలు. రంగుల పేజీకి ఆ మూడు సీసాలవి ఇంకో పద్దెనిమిది పైసలు.

ఇప్పుడు కాగితం. ఐదు వందల షీట్ల కట్ట 275 రూపాయలు అనుకుంటె ఒక్క షీటు 55 పైసలు. ఇగ మిషిన్. 15,000 పెట్టి కొన్నరు, 30,000 పేజీలు తీసింది అనుకుంటె పేజీకి 50 పైసలు. అదే మిషిన్ 10,000 పేజీలకే మూలకు పడ్డదనుకోండ్రి, పేజీకి రూపాయిన్నర.

చూసిండ్రా? అందరు భయపడేది సిరాకు. గానీ లెక్కల అన్నిటికన్న చిన్నది సిరానే. కాగితం దానికి ఐదు రెట్లు. మిషిన్ ఖర్చు మీరు ఎట్ల చూసుకుంటరో దాన్ని బట్టి యాభై పైసలు గావొచ్చు, రూపాయిన్నర గావొచ్చు. సిరాల ఐదు పైసలు మిగుల్చుకోబోయి మిషిన్‌ల రూపాయి పోగొట్టుకునేటోళ్లే మన కాడ ఎక్కువ.

ఒక ముచ్చట యాదికుంచుకోండ్రి. కంపెనీ చెప్పే పేజీలు ఐఎస్‌ఓ పద్ధతి ప్రకారం, తక్కువ అచ్చు ఉండే నమూనా పేజీలతోని లెక్క చేసినయి. మనం తీసే నిండు ఫొటో దానికి ఎన్నో రెట్లు తాగుతది. ఫొటోకు, మామూలు కలర్ పేజీకి ఒక్కటే రేటు పెట్టినోడు మునుగుతడు. ఇంకోటి, కొత్త ప్రింటర్ల మొదటి సీసాలల్ల కొంత సిరా పైపులు నిండనీకే పోతది. "మొదటి సీసా జెల్ది అయిపోయింది, మోసం చేసిండ్రు" అని లొల్లి పెట్టుకోకుండ్రి.

కొనేముందు అడుగుకోవాల్సినయి

ముందుగాల దుకాణానికి పోకుండ్రి. పదిహేను రోజులు మీ కాడికి వచ్చే పనిని నోట్‌బుక్‌ల రాసుకోండ్రి. ఇంకా దుకాణం పెట్టకపోతె మీ మండలంల ఉన్న సెంటర్ల కాడ అర్ధరోజు కూసొని చూడుండ్రి. నల్ల పేజీలు ఎన్ని, కలర్ ఎన్ని, ఫొటోలు ఎన్ని, జిరాక్సులు ఎన్ని? ఈ నాలుగు అంకెలు తెలిస్తె సగం ఎంపిక అయిపోయినట్టే.

రోజుకు వందల కొద్ది నల్ల జిరాక్సులే ఉంటె ట్యాంకు ప్రింటర్ మీకు కాదు. లేజర్ చూడుండ్రి. దాంట్ల ఉండేది పొడి, నెల రోజులు మూలకున్నా ఎండదు. తడి తగిలినా అక్షరం కరగదు. గానీ కరెంటు మతలబు ఉన్నది. లేజర్ ప్రింట్ తీసేటప్పుడు మూడు నాలుగు వందల వాట్లు లాగుతది, వేడెక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. కంప్యూటర్‌కు పెట్టుకున్న చిన్న యూపీఎస్ దాన్ని మొయ్యదు. ట్యాంకు ప్రింటర్‌కు పదీ ఇరవై వాట్లు చాలు, చిన్న ఇన్వర్టర్ మీద గూడ నడుస్తది. కరెంటు పోయే ఊర్లల్ల ఇది చిన్న సంగతి కాదు.

కలర్, ఫొటోలు, దరఖాస్తులు కలిసి ఉంటె ట్యాంకు ప్రింటరే మంచిది. అయితే ఏ సిరాదో అడుగుండ్రి. సిరాలు రెండు రకాలు. డై సిరా నీళ్లల్ల కరిగిన రంగు. ఫొటోల మీద నిగనిగలాడుతది గానీ, వాన చుక్క పడితె, చేతి చెమట తగిలితె సాదా కాగితం మీద పారుతది. పిగ్మెంట్ సిరా సన్నటి పొడి కలిపినది. ఆరినంక నీళ్లకు బాగనే ఆగుతది. కెనాన్ జీ సిరీస్ ట్యాంకు మోడళ్లు మస్తు, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్ మోడళ్లు మస్తు నలుపుకు పిగ్మెంట్, రంగులకు డై వాడుతయి. ఎప్సన్ 003 నాలుగు రంగులు డైనే, అదే కంపెనీ 001 సిరా పడే మోడళ్లల్ల నలుపు పిగ్మెంట్. పాస్‌పోర్ట్ ఫొటోలు ఎక్కువ తీసేటోళ్లకు అంతా డై ఉన్నది నడుస్తది. హాల్ టికెట్లు, దరఖాస్తులు, భూమి కాగితాల నకళ్లు తీసేటోళ్లకు నలుపు పిగ్మెంట్ ఉండాలె. ఒక ముసలాయన వానల తడుసుకుంట పోతె సంచిల ఉన్న కాగితం మీద సర్వే నంబర్ అలుక్కపోయిందని మళ్ల వచ్చిండు. ఆఫీసుకు రెండుసార్లు తిరిగిన ఆయన బస్సు కిరాయి ఎవరిస్తరు?

తర్వాత హెడ్ సంగతి. సిరాను కాగితం మీదికి చిమ్మే భాగమే హెడ్. దానికి మన వెంట్రుకకన్న సన్నటి బొక్కలుంటయి, వాటినే నాజిల్స్ అంటరు. ఎప్సన్, బ్రదర్‌లల్ల కరెంటు తగిలితె వంగే చిన్న పలక సిరాను నెడుతది. దీన్ని పీజో అంటరు. వేడి ఉండదు, హెడ్ ఏండ్ల కొద్ది వస్తది. గానీ పోయిందంటె ఖర్చు వేలల్ల ఉంటది, మెకానిక్ చేతుల పెట్టాల్సిందే. కెనాన్, హెచ్‌పీలల్ల సిరాను క్షణంల మరిగిచ్చి బుడగ లేపి నెడుతరు. ఆ హెడ్‌లు తొందరగ అరుగుతయి గానీ, చాలా మోడళ్లల్ల మనమే కొత్తది కొని చేత్తోని పెట్టుకోవచ్చు. మీ ఊరికి సర్వీస్ సెంటర్ యాభై అరవై కిలోమీటర్ల దూరం ఉన్నదా? అయితే చేత్తోని మార్చుకునే హెడ్ ఉన్నది తీసుకునుడు తెలివి. పక్క టౌన్‌లనే మంచి మెకానిక్ ఉంటె పీజో తీసుకున్నా భయం లేదు.

స్పీడు ముచ్చట. డబ్బ మీద "33 పేజీలు" అని పెద్ద అక్షరాలతోని ఉంటది. అది డ్రాఫ్ట్‌ల, అంటె పలుచగ తీస్తె. అదే ఎల్3250కు మామూలు నాణ్యతల నల్లయి నిమిషానికి పది, కలర్ ఐదు. ఆ చిన్న అక్షరాలు చదువుండ్రి. రెండు దిక్కుల తనంతట తానే కొట్టే డ్యూప్లెక్స్, కాగితాల కట్ట పెడితె ఒక్కొక్కటే లాక్కునే ఫీడర్ తక్కువ ధర మోడళ్లల్ల ఉండయి. బడి పిల్లల నోట్సులు, ప్రాజెక్టు బుక్కులు తీసే పని ఉంటె ఇంకో నాలుగు వేలు ఎక్కువ పెట్టినా డ్యూప్లెక్స్ ఉన్నదే తీసుకోండ్రి. కాగితం ఖర్చే పెద్దదని పైన లెక్క చూసినం గదా, అది సగమయితది.

చివరిది, అందరు మర్శిపోయేది, వేస్ట్ ఇంక్ ప్యాడ్. హెడ్ క్లీన్ చేసినప్పుడల్లా పారిన సిరా మిషిన్ అడుగున ఉన్న స్పాంజిలకు పోతది. ప్రింటర్ దాన్ని లెక్క పెడుతది, నిండిందనంగనే పని బందు చేస్తది. కెనాన్ జీ3020 అసోంటి కొన్ని మోడళ్లకు అది విడిగ దొరుకుతది, ఐదు నిమిషాలల్ల మనమే మార్చుకోవచ్చు. మిగతా చానా వాటికి మెకానిక్ కావాలె. కొనేటప్పుడే "ఈ ప్యాడ్ నేను మార్చుకోవచ్చా?" అని అడుగుండ్రి. అమ్మేటోడు తెల్లమొఖం వేస్తె మోడల్ మాన్యువల్ నెట్‌ల దొరుకుతది, చదువుండ్రి.

బిల్లు తప్పకుండ తీసుకోండ్రి. వారంటీ చాలా వరకు "ఇన్ని ఏండ్లు లేకపోతె ఇన్ని వేల పేజీలు, ఏది ముందైతె అది" అని ఉంటది. పని ఎక్కువ ఉన్న దుకాణంల పేజీలే ముందు అయిపోతయి. ఆ సంగతి కొన్న నాడే తెలుసుకోవాలె.

రోజూ పిండుడు ఎట్ల

మొదటి నియమం: ప్రింటర్‌ను ఎప్పుడు దాని బటన్ తోనే ఆపాలె. బటన్ నొక్కితె హెడ్ ఒక మూలకు పోయి, రబ్బరు మూత మీద కూసుంటది. గాలి తగలది, సిరా ఎండది. బోర్డు కాడ స్విచ్చి కొడితె హెడ్ యాడుంటె ఆడనే నోరు తెరుసుకొని ఆగుతది. నేను చేసిన తప్పు ఇదే. ప్రింట్ తీస్తుంటె కరెంటు పోయిందా, వచ్చినంక ఒకసారి ఆన్ చేసి, మళ్ల బటన్ తోని ఆపుండ్రి. అప్పుడు మూత సక్కగ పడుతది.

రెండోది: వారానికి కనీసం రెండుసార్లు నాలుగు రంగులున్న ఒక పేజీ తీయాలె. ఎండకాలమైతె రెండు రోజులకొకసారి. పెద్దది అవసరం లేదు, నాలుగు రంగుల గీతలు ఉన్న చిన్న పేజీ చాలు. ఆ పేజీకి పడే ఖర్చు రూపాయి లోపే. పండుగకో, పెళ్లికో, నాట్లకో దుకాణం మూసి పోతె ఇంట్ల తమ్మునికో చెల్లెకో ఈ పని చెప్పి పోండ్రి. బర్రెను చూసుకోమని ఎట్ల చెప్పి పోతమో అట్లనే.

మూడోది: ట్యాంకు మీద కింది గీత ఉంటది. సిరా దాని కిందికి పోకముందే నింపాలె. తక్కువ ధర మోడళ్లల్ల సిరా అయిపోయిందని మిషిన్‌కు తెలువది, మన కండ్లే మీటరు. ట్యాంకు ఖాళీగ నడిపితె పైపులల్లకు గాలి జొర్రుతది. బుడగ రకం హెడ్ అయితె సిరా లేక ఒట్టిగనే కాలి పోతది. నింపేటప్పుడు రంగు ఏదో రెండుసార్లు చూసుకోండ్రి. పసుపు ట్యాంకుల నలుపు పోసినంక ఏడ్సినా లాభం లేదు. తప్పు పోస్తె ప్రింట్ కొట్టకుండ అక్కడనే ఆపి మెకానిక్‌ను పిలువుండ్రి.

నాలుగోది: గీతలు పడంగనే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకుండ్రి. ముందుగాల నాజిల్ చెక్ తీయుండ్రి, అది ఒక్క చిన్న నమూనా పేజీ. గీతలు తెగిపోయి ఉంటేనే క్లీనింగ్ కొట్టాలె. మళ్ల నాజిల్ చెక్ చూడాలె. మూడుసార్లయినా సక్కగ కాకపోతె ఆపి, పన్నెండు గంటలు ప్రింటర్‌ను ముట్టకుండ వదిలెయ్యాలె. ఎప్సన్ మాన్యువల్ గూడ ఎల్3150 అసోంటి మోడళ్లకు ఇదే చెప్తది. ఆ టైంల బుడగలు సర్దుకుంటయి, ఎండిన సిరా కొంచెం నానుతది. తెల్లారి మళ్ల చెక్ చేయుండ్రి. అప్పుడు గూడ కాకుంటె పవర్ క్లీనింగ్ అనే పెద్ద కడుగుడు ఉంటది. దానికి ట్యాంకులల్ల మూడో వంతన్న సిరా ఉండాలె. ప్రతి క్లీనింగ్‌కు నాలుగు రంగులు పోతయి, వేస్ట్ ప్యాడ్ నిండుతది. ఊకె కడిగేటోని మిషిన్ రెండు దిక్కుల ఖర్చయితది.

ఐదోది: ప్యాడ్ నిండిందని మెసేజ్ వస్తె, నెట్‌ల ఉచిత రీసెట్టర్ దొరుకుతదని దించుకోకుండ్రి. ఒక్కటి, అది లెక్కను సున్నా చేస్తది గానీ స్పాంజిని ఆరపెట్టది. సిరా పొర్లి బల్ల మీదికి, కరెంటు భాగాలల్లకు పోతది. రెండోది, వాటిల్ల వైరస్ ఉండుడు మస్తు చూసినం. మన కంప్యూటర్ల ఊరోళ్ల ఆధార్లు, బ్యాంకు కాగితాలు ఉంటయి. ప్యాడ్ మార్పిచ్చి, ఆ తర్వాతనే లెక్క సున్నా చేపియ్యాలె.

ఆరోది: దుమ్ము, తడి. వడ్లు కోసే కాలంల రోడ్డు మీద దుకాణాలకు ఎంత దుమ్ము వస్తదో చెప్పే పని లేదు. రాత్రి పాత పంచెనో, దుప్పటి ముక్కనో కప్పుండ్రి. వానకాలంల కాగితం తడి పీల్చుకొని ఒకదానికొకటి అంటుకుంటది, రెండేసి గుంజుకొని ఇరుక్కుంటది. విప్పిన కట్టను ప్లాస్టిక్ కవర్ల పెట్టి మూయుండ్రి, ట్రేల పెట్టేముందు కట్టను విసనకర్ర లెక్క ఆడియ్యుండ్రి. ఇరుక్కున్న కాగితాన్ని బలంతోని గుంజకుండ రెండు చేతులతోని మెల్లగ తీయుండ్రి.

ఏడోది: మెకానిక్ కాడికి బండి మీద తీసుకపోయేటప్పుడు ఒరగనియ్యద్దు, తలకిందులు అసలే చెయ్యద్దు. ట్యాంకు మూతలు గట్టిగ బిగియ్యాలె. పాత మోడళ్లకు పక్కన రవాణా తాళం ఉంటది, అది తిప్పాలె. బైక్ ఎనుక అడ్డంగ కట్టుకపోతె సిరా అంతా లోపలనే కారి, చిన్న రిపేరు పెద్దదయితది. వీలైతె ఆటోల, సీటు మీద సక్కగ పెట్టుకొని పోండ్రి.

డూప్లికేట్ సిరా ముచ్చట

"అన్నా, సగం ధరకు బయట సిరా దొరుకుతది గదా?" అని అడుగుతరు. దొరుకుతది. కొందరు ఏండ్లకేండ్లు అదే పోస్తున్నరు, నేను కాదనను. గానీ లెక్క చూడుండ్రి. నల్ల పేజీకి పది పైసలు పడేకాడ ఐదు పైసలు పడుతది. ముప్పై వేల పేజీలకు మిగిలేది పదిహేను వందలు. ఆ సిరా చిక్కగుండి నాజిల్ మూసుకుంటె హెడ్‌కు పెట్టాల్సింది వేలల్ల. ఆ సిరాతోని పాడయిందని తేలితె వారంటీ గూడ అడ్డం పడుతది. పదిహేను వందల కోసం పదిహేను వేలను పందెం పెట్టుడు నాకైతె సమజ్ గాదు. పొయ్యాలనే అనుకుంటె వారంటీ అయిపోయినంక, ఒక్కటే కంపెనీది, ఆ మోడల్‌కు చెప్పిన రకమే పోయుండ్రి. డై పడే ట్యాంకుల పిగ్మెంట్ పొయ్యద్దు, రెండు రకాలు కలపద్దు.

ఒక నోట్‌బుక్

ఆ చెల్లె పోయిన నాడు నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్న. సిరా పోసిన తారీఖు, అప్పటికి ప్రింటర్ల ఉన్న పేజీల లెక్క, క్లీనింగ్ ఎన్నిసార్లు కొట్టిన్నో అన్ని రాస్తున్న. ఆ లెక్క ప్రింటర్ నాజిల్ చెక్ పేజీ మీదనో, స్టేటస్ పేజీ మీదనో కనవడుతది. రెండు నెలలు రాస్తె మీ పేజీ ఖర్చు మీకే తెలుస్తది, ఎవ్వరిని అడిగే పని ఉండది. రేటు ఎంత పెట్టాల్నో గూడ అదే చెప్తది. ఇంకో పాత లేజర్ ప్రింటర్ సెకండ్ హ్యాండ్‌ల తెచ్చి పక్కకు పెట్టిన. ఒకటి మొరాయిస్తె ఇంకొకటి ఉంటది. పరీక్షలు, నోటిఫికేషన్ల ఆఖరు తారీఖులు ప్రింటర్ రిపేరు కోసం ఆగయి.

మన ఊర్లల్ల ఒక ప్రింట్ అంటె ఒక కాగితం కాదు. ఒకరికి పరీక్ష, ఒకరికి పింఛన్, ఒకరికి పట్టా పాస్‌బుక్. రేపు పొద్దుగాల ఎవరో ఒకరు ఉరుక్కుంట వస్తరు, బస్సు టైమవుతదంటరు. ఈ రాత్రి షట్టర్ దించేముందు ఒక రంగుల పేజీ తీయుండ్రి, బటన్ తోని ఆపుండ్రి, గుడ్డ కప్పుండ్రి. గంతే పని.